పాట పాడుకున్న కాలేజీ

మంగంపేట, ఓబులవారిపల్లె, కోడూరు వైపు ఇంటర్ పాసైన పిల్లవాడు "డిగ్రీలో చేరతా" అంటే మొదట వచ్చే ప్రశ్న "ఏం, ఇంజనీరింగ్‌లో సీటు రాలేదా?" సీటు రానివాళ్ల చదువుగా డిగ్రీని చూడటం మనకు అలవాటైపోయింది. కానీ చిన్న డిగ్రీ కాలేజీ ఏమివ్వగలదో దేశానికి చూపించిన ఊరు మన సీమలోనే ఉంది.

మదనపల్లెలో అనీబిసెంట్ 1915లో దివ్యజ్ఞాన కళాశాల పెట్టించారు. అక్కడికి ప్రిన్సిపాల్‌గా వచ్చిన జేమ్స్ కజిన్స్ ఐర్లాండ్ కవి. 1916 డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు 'న్యూ ఇండియా' పత్రికలో కొలువు పోగొట్టుకున్నవాడు. ఆయన భార్య మార్గరెట్ సంగీతం చదివిన మనిషి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ విశ్రాంతికని వచ్చి కొన్నాళ్లు అక్కడే ఉన్నారు. వారం వారం జరిగే పాటల సాయంత్రంలో పిల్లల మధ్య కూర్చుని జనగణమన పాడారు. పిల్లలు గొంతు కలిపారు. ఆయన దగ్గర కూర్చుని మార్గరెట్ ఆ వరుసను స్వరాల్లో రాసిపెట్టారు. ఇంగ్లీషు అనువాదం ఆయన అక్కడే చేశారు. కాలేజీ దాన్ని తన ప్రార్థనాగీతం చేసుకుంది. 1950 జనవరి 24న అదే జాతీయగీతమైంది.

ఆ పాటల సాయంత్రం పరీక్షలో మార్కులు వచ్చే సబ్జెక్టేం కాదు. ఏ గ్రూపువాడైనా వచ్చి కూర్చునే చోటు. ప్రిన్సిపాల్ కవి కావడం, ఆయన ఇంటి మనిషి పాట నేర్పడం, అతిథి పిల్లల మధ్యే కూర్చోవడం చిన్న కాలేజీలోనే కుదురుతాయి. వేలమంది ఉన్నచోట విద్యార్థి హాల్‌టికెట్ నంబరవుతాడు. ఇరవైమంది కూర్చునే గదిలో వెనక బెంచీ ఉండదు. చదవకుండా వచ్చినవాడు దొరికిపోతాడు, మాట్లాడటానికి జంకేవాడి చేత మేష్టారే మాట్లాడిస్తారు. గైడు పక్కన పెట్టి అసలు పుస్తకం చదవాలి, చదివింది సొంత మాటల్లో రాయాలి, ఎర్రసిరా గీతలతో తిరిగొచ్చాక మళ్లీ రాయాలి. ఈ తిరగరాత దగ్గరే మనిషికి ఆలోచించడం పట్టుబడుతుంది.

ఇంకో పద్ధతి, ఒకే వస్తువును అన్ని శాస్త్రాల వైపు నుంచీ చూడటం. మంగంపేట ముగ్గురాయినే తీసుకోండి. ఒకేచోట ఇంత బెరైటీస్ నిల్వ ప్రపంచంలో మరెక్కడా లేదంటారు. కడప రాతిపొరల్లో వంద కోట్ల ఏళ్లకు మునుపే అది ఎలా పేరుకుందో భూగర్భశాస్త్రం చెబుతుంది. అది బేరియం సల్ఫేట్. బేరియం విషమే అయినా ఈ రూపంలో నీళ్లలో కరగదు గనుక కొన్ని ఎక్స్‌రేలకు ముందు రోగి చేత తాగిస్తారని రసాయనశాస్త్రం చెబుతుంది. నీటికి నాలుగు రెట్లకు మించిన బరువు కాబట్టి చమురు బావుల్లో ఒత్తిడిని అదిమిపెట్టడానికి దీని పొడి వాడతారు. అందుకే ఎక్కడో చమురు తవ్వకాలు తగ్గితే ఇక్కడి మిల్లు కూలీకి పని తగ్గుతుంది, అది అర్థశాస్త్రం. గనికి భూమి ఇచ్చిన ఊరికి ఏం దక్కాలన్నది రాజనీతి. ఆ దుమ్ములో బతికినవాడి గోడు పదిమందికీ తగిలేలా రాయాలంటే సాహిత్యం కావాలి. వీటిలో ఒక్కటే చదివినవాడికి ఆ రాయి ఒక పక్కే కనిపిస్తుంది.

ఇలాంటి చదువు అన్నం పెడుతుందా అని అడిగే తల్లిదండ్రులది తప్పు కాదు. అప్పుచేసి చదివించేవాళ్లకు ఆ ప్రశ్న అడిగే హక్కుంది. ఈ చదువు మొదటి ఉద్యోగానికి హామీ ఇవ్వదు. అయితే నేర్చిన పని పాతబడిపోయినప్పుడు కొత్తది నేర్చుకునే సత్తా ఇస్తుంది. గ్రూప్స్‌కు, లాయరు వృత్తికి, పత్రికలకు, పంతులు పనికి కావలసిన చదివే, రాసే, వాదించే ఓపిక ఇస్తుంది. శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయం లాంటి ప్రైవేటు సంస్థలు ఇదే చదువును భారీ ఫీజులకు ఇస్తున్నాయి. డబ్బున్నవాళ్లు కొనుక్కుంటున్నారంటే అందులో విలువ ఉన్నట్టే. 1972లో పెట్టిన కర్నూలు సిల్వర్ జూబ్లీ కళాశాల లాంటి సర్కారు రెసిడెన్షియల్ కాలేజీలు పేదపిల్లలకు అందుబాటులో ఉన్న దారి. వాటిలో అధ్యాపకుల ఖాళీలు ఉండకూడదు, లైబ్రరీకి తాళం పడకూడదు.

2023-24లో మన డిగ్రీలో మూడు సబ్జెక్టుల గ్రూపు పోయి ఒకే మేజరు, దాని పక్కన మైనరు వచ్చాయి. మూడూ సమానంగా చదివే పాత పద్ధతి పోవడం నష్టమేనని నా అభిప్రాయం. ఉన్నంతలో మైనరే మనకు మిగిలిన కిటికీ. ఈసారి పిల్లల్ని డిగ్రీలో చేర్పించే తల్లిదండ్రులకు ఒక్క మాట: కెమిస్ట్రీ తీసుకున్న బిడ్డను చరిత్రో, తెలుగో మైనరుగా తీసుకోనివ్వండి. చేరే కాలేజీలో ఆ అవకాశం లేకపోతే ప్రిన్సిపాల్‌ను కలిసి అడగండి.