విప్పగలిగేదే మంచి బిగింపు

నులక మంచాన్ని ఒకసారి తిరగేసి చూడండి. పట్టె చివర చెక్కిన కుసి కోడు బెజ్జంలో దూరి ఉంటుంది. మేకు లేదు, బంక లేదు. నులక బిగించి అల్లితే ఆ లాగుడుకే నాలుగు కోళ్లూ నిలబడతాయి. నులక సాగితే మళ్లీ బిగిస్తాం, కోడు విరిగితే ఆ ఒక్కటే మారుస్తాం. స్క్రూ అయినా, బోల్టు అయినా సరే, మంచి బిగింపుకు గీటురాయి ఇదే. వాడుతున్నంతకాలం కదలకూడదు, కావలసినప్పుడు విడిరావాలి.

ఈ సూత్రాన్ని దేశదేశాలకు చేర్చిన కుర్చీ ఒకటుంది. వియన్నాలో వ్యాపారం నడిపిన మైకేల్ థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ. ఆవిరిలో మెత్తబరచి వంచిన బీచ్ చెక్క ముక్కలు ఆరు, స్క్రూలు పది, నట్లు రెండు. అంతే కుర్చీ. ఘనమీటరు పెట్టెలో విడి భాగాలుగా 36 కుర్చీలు పట్టేవి. ఓడ దిగాక అక్కడికక్కడే బిగించుకునేవారు.

స్క్రూ పనితనమంతా బెజ్జంలోనే ఉంది. పై చెక్కలో బెజ్జం స్క్రూ వదులుగా దూరేంత ఉండాలి. కింది చెక్కలో మరలను వదిలేసి నడిమి కాడంత లావుంటే చాలు. అప్పుడే మర కింది చెక్కను కరుచుకుని, తల పై చెక్కను అదిమి, రెంటినీ దగ్గరకు లాగుతుంది. మర పై చెక్కను కూడా పట్టేస్తే మధ్యలో సందు అలాగే మిగిలిపోతుంది. టేకులో ఇత్తడి స్క్రూ వేసేటప్పుడు ముందు ఉక్కు స్క్రూతో దారి చేయాలి. మరలకు కాస్త కొవ్వొత్తి రుద్దాలి. లేకపోతే మెత్తని ఇత్తడి మధ్యలోనే తెగిపోతుంది.

డోవెల్ పని వేరు. ఈ గుండ్రని చెక్క చీల రెండు ముక్కలనూ పక్కకు జారనివ్వదు. దాని ఒంటిమీది గాళ్లు ఊరికే లేవు. చీల దిగేటప్పుడు గాలి, మిగులు బంక వాటి గుండానే బయటికి వస్తాయి. బంక తడికి చీల కాస్త ఉబ్బి బెజ్జాన్ని నింపేస్తుంది. దగ్గరకు లాగడం స్క్రూ వంతు, జారకుండా నిలపడం డోవెల్ వంతు.

మూడో సంగతి వానాకాలానిది. తేమకు చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడవున దాదాపు మారదు. అందుకే వెడల్పాటి బల్ల పలకను చట్రానికి బిగించేటప్పుడు బెజ్జాన్ని కోలగా తొలుస్తారు. స్క్రూ అందులో అటూ ఇటూ జరుగుతుంది, పలక చీలకుండా ఊపిరి పీల్చుకుంటుంది.

మా ఇంట్లో ఒక కుర్చీ కాలు ఊగులాడేది. స్క్రూ తిప్పితే ఊరికే తిరిగేది. వడ్రంగి మేస్త్రిని పిలిచి లావుపాటి స్క్రూ వేయమన్నాను. "లావుది వేస్తే చెక్క పగులుద్దండి. చెక్కకి చెక్కే పట్టు" అన్నాడు మేస్త్రి. బెజ్జాన్ని కాస్త పెద్దది చేశాడు. టేకు పుల్లను ఉలితో గుండ్రంగా చెక్కి, బంక రాసి దిగగొట్టాడు. మిగిలిన తల కోసేసి, మర్నాడు వచ్చి ఆ చీలలో కొత్త బెజ్జం పెట్టాడు. పాత స్క్రూయే మళ్లీ బిగిసింది. మేకులు కొట్టి, బంకతో అతికించేసిన కుర్చీ అయితే కాలు ఊడదీసేసరికే సగం పగిలిపోయేది.

పొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డుకు ఇన్ని అవకాశాలు ఉండవు. దానిలో స్క్రూ ఊడదీసి బిగించిన కొద్దీ పట్టు సడలుతుంది. అయినా సమయానికి బిగిస్తే అదీ చాలాకాలం నిలుస్తుంది. ఏటా వానలు వెలిశాక మంచం, కుర్చీలు ఒకసారి ఊపి చూడండి. వదులైన చోట పావు చుట్టు తిప్పండి, బలవంతపెట్టకండి. కొన్నప్పుడు పొట్లంలో వచ్చిన ఆ వంకర అలెన్ కీని మాత్రం పారేయకండి. ఆ వస్తువును బాగుచేసుకునే హక్కు మీకు దానితోపాటే వచ్చింది.