వస్త్రము తొడిగిన రెక్క

రాయ్‌పూర్‌లోని తెలీబంధా చెరువుగట్టున నిలిచి మానా విమానాశ్రయము వైపు సాగు విమానములను బాల్యము నుండియు చూచుచున్న నాకు, వాని యన్నింటికన్న ప్రియమైనది టైగర్ మాత్ అను పాత సైనిక శిక్షణ విమానము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బేగంపేటలో మన యువకులు ఎగురుట నేర్చినది దానిమీదనే. దాని రెక్క లోహము కాదు, సన్నని కొయ్యపట్టెల చట్రముపై తొడిగిన నారబట్ట. ఆ బట్టను కుట్టు పనివాని నేర్పును ఎంత మెచ్చినను తనివి తీరదు. మైనము పట్టించిన దారమును పొడవైన సూది కెక్కించి, రెక్క పైభాగమున గ్రుచ్చి, అడుగున తీసి, కొయ్యపట్టెను చుట్టి మరల పైకి రప్పించి, జారని ముడి వేయుచు, సుమారు 3 అంగుళముల కొక కుట్టు చొప్పున అతడు సాగును. ప్రొపెల్లరు గాలి బలముగా తాకు చోట కుట్లు మరింత దగ్గరపడును. కుట్ల వరుసపై బట్టపట్టీ నంటించి, డోప్ అను ద్రావకమును పూతమీద పూతగా పూయగా, వదులుగా నున్న వస్త్రము ముడుచుకొని బిగిసి, వ్రేలితో తట్టిన మృదంగమువలె పలుకును. అల్యూమినియము పొడి కలిపిన వెండిపూత యెండనుండి నారను కాచును. ముడులు వదలినచో గాలి బట్టను పైకి లాగి రెక్క యాకృతిని చెరచును. కావున పైలట్ ప్రాణము ఆ దారముపై నున్నదనుట అతిశయోక్తి కాదు. యుద్ధకాలము గడచి ఎన్నో యేండ్లైనను, 2012 వైమానిక దళ దినోత్సవమున హిండన్‌లో పునరుద్ధరింపబడిన టైగర్ మాత్ ఎగిరినది. ఇట్టి విమానమును చూడ తటస్థించినచో, పాఠకులారా, ఇంజనును మాత్రమే చూచి మరలిపోక, రెక్కపై పట్టీల క్రింద వరుసగా నుబ్బియున్న ఆ ముడులను గూడ ఒకసారి పరిశీలింపుడు.