గార కింద గొడవ

మొన్న సోమవారం అరవై దాటిన ఒకావిడ కుర్చీలో కూర్చుంటూనే షరతు పెట్టింది. "గార మాత్రం తియ్యకు నాయనా. తీయించుకున్నాక మా ఆడపడుచు పళ్లన్నీ కదిలిపోయాయి." చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని ఆర్నెల్లుగా బ్రష్ కూడా మానేసిందట.

"ముందు కొలిచి చూస్తానమ్మా" అని ప్రోబు అందుకున్నాను. మిల్లీమీటరు గీతలున్న సన్నటి కడ్డీ అది. పంటికీ చిగురుకీ మధ్య దింపితే, ఆరోగ్యంగా ఉన్నచోట 3 మిల్లీమీటర్ల లోపే ఆగుతుంది. ఆవిడ కింది దవడ పన్ను దగ్గర 6 దాకా జారింది. బయటికి తీశాక చిగురంచున ఆవగింజంత నెత్తుటి చుక్క ఉబికింది.

ఆ చుక్క వెనక పెద్ద తతంగమే ఉంది. జబ్బు ముదిరిన చిగురు ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే ప్లాస్మా కణాలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. యాంటీబాడీలు తయారుచేసేవి అవే. యాంటీబాడీ పోయి బ్యాక్టీరియాను అంటుకుంటే, దాన్ని మింగడం తెల్ల రక్తకణానికి సులువు. ఇలాంటి రోగుల రక్తంలో పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా కోసం తయారైన యాంటీబాడీలు తరచూ ఎక్కువే ఉంటాయి. ఒళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదన్నమాట.

మరి జబ్బెందుకు తగ్గదు? పాచి అంటే చెరువు మెట్ల మీది నాచులా జిగటగా అల్లుకున్న పొర. దాని లోపలికి చొరబడటం యాంటీబాడీలకు కష్టం. పైగా జింజివాలిస్ వదిలే ఎంజైములు ఆ యాంటీబాడీలనే తుంచేస్తాయి. ఈ గొడవ ఏళ్ల తరబడి సాగితే, ఒళ్లు తన రక్షణకు వదిలిన రసాయనాలే పన్ను చుట్టూ ఎముకను కరిగిస్తాయి.

అందరికీ ఒకేలా కరగదు. శ్రీలంక తేయాకు తోటల్లో, బ్రష్ అలవాటే లేని 480 మంది కార్మికులను హరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం 1970 నుంచి 15 ఏళ్లు గమనించింది. 8 శాతం మందికి జబ్బు దూకుడుగా పెరిగింది, 81 శాతానికి ఓ మోస్తరుగా. మిగిలిన 11 శాతానికి చిగుళ్ల వాపు దగ్గరే ఆగిపోయింది. పాచి అందరి నోట్లోనూ ఉంది. ఇది చదివాక "పళ్లు తోముకోరా?" అని రోగుల్ని గదమాయించడం మానేశాను.

గట్టిపడి గారగా మారిన ఆ పొరను ఊడ్చే పని మాత్రం చేతిదే. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు పైకి కనిపించే పచ్చటి గార గీకేసి, మాకు పని నేర్పే మేడమ్‌తో "అయిపోయింది మేడమ్" అన్నాను. ఆవిడ నా చేతిలో పరికరం పెట్టి "ఇప్పుడు కళ్లు మూసుకుని చూడు" అన్నారు. చిగురు కింద ఉప్పుకాగితంలా గరగరలాడింది. అక్కడ గార నల్లగా, మొండిగా ఉంటుంది. కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది. గరుకు పోయి నున్నగా జారేదాకా వదలకూడదని ఆరోజు నేర్చుకున్నాను.

సోమవారం వచ్చినావిడకు ఇదంతా చెప్పలేదు. "పళ్లను కదిలించేది గార తియ్యడం కాదమ్మా. ఎముక ముందే కరిగింది, గార సిమెంటులా పట్టి ఉంచడంతో తెలియలేదు" అన్నాను. కాసేపు ఆలోచించింది.

"సరే. కుడిపక్క ఒక్కటే తియ్యి. కదిలాయో, నీతోనే కట్టించుకుంటా."