ముందు చెవి, తర్వాతే స్పానర్

బండి స్టార్ట్ కాకపోతే మనం తాళం తిప్పుతూనే ఉంటాం, ఉన్న కాస్త బ్యాటరీ కూడా దిగిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మెకానిక్ ముందు బానెట్ కూడా ఎత్తడు. "ఒక్కసారి సెల్ఫ్ కొట్టండి సార్" అని చెవి ఒగ్గుతాడు.

టకటకమందా, కరెంటు చాలడం లేదన్నమాట. హెడ్‌లైట్ వేయించి మళ్లీ కొట్టిస్తాడు. వెలుగు ఒక్కసారిగా పడిపోతే మీటర్ తీస్తాడు. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించినా నమ్మడు. సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 9.6 కంటే దిగకూడదు. చాలాసార్లు బ్యాటరీ తప్పే ఉండదు, టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న చిలుమే కారణం. కేబుళ్లు విప్పి, ఉప్పుకాగితంతో గీకి, బోల్టు బిగిస్తాడు. అంతే, బండి అందుకుంటుంది! కొత్త బ్యాటరీ అంటగట్టే వీలుండీ ఆ పని చేయని ఇలాంటివాళ్లంటే నాకు ఎనలేని గౌరవం.

ఇంజిన్ బాగానే తిరుగుతూ అందుకోకపోతే పెట్రోలన్నా రావడం లేదు, స్పార్కన్నా రావడం లేదు. తాళం ఆన్ చేయించి, వెనక ట్యాంకులో పంపు క్షణంపాటు గుయ్‌మంటుందేమోనని వింటాడు. ఇప్పుడు స్కానర్లున్నాయి, ఏ సెన్సార్ దగ్గర తేడా ఉందో కోడ్ చూపిస్తాయి. సెన్సారే పోయిందా, దాని వైరు ఎలుక కొరికిందా అన్నది మాత్రం అతనే వంగి, వేళ్లతో తడిమి తేల్చాలి.