సంపుటి పేరే గాయకుని పేరైన వేళ: జన నాట్య మండలి పాటలో సమష్టి కర్తృత్వం

అప్పటికే పేరున్న వాద్యకారులు పాత బృందాలను విడిచి కొత్త బృందంగా ఏర్పడితే రాక్ సంగీత విమర్శ దానిని ‘సూపర్ గ్రూప్’ అంటుంది. 1966లో లండన్‌లో ఏర్పడిన ‘క్రీమ్’ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్‌ల పూర్వఖ్యాతే అదే ఏడాది వెలువడిన వారి తొలి ఆల్బంకు దారి వేసింది. 1972లో రూపుదిద్దుకున్న జన నాట్య మండలిలో ఈ క్రమం తిరగబడింది. ఇక్కడ బృందం ముందు, ఖ్యాతి తరువాత.

మండలికీ పూర్వబృందాలున్నాయి. బి. నర్సింగరావు ఆధ్వర్యంలోని ఆర్ట్ లవర్స్ ఒకటి. తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్‌రావు అంతకుముందే బుర్రకథలు చెప్పినవాడు. వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర జానపద బాణీలను వెంట తెచ్చాడు. గదర్ పార్టీని స్ఫురింపజేస్తూ తొలి పాటల సంపుటికి పెట్టిన ‘గద్దర్’ అనే పేరు క్రమంగా విఠల్‌రావుకే స్థిరపడింది. సమష్టి కృషికి పెట్టిన పేరు వ్యక్తినామమైంది. విమర్శ కూడా ఆ పేరు వెంటే నడిచి, పాటను జీవితచరిత్రలో భాగంగా చదివింది.

పాట నిర్మాణం మాత్రం వేరే సాక్ష్యం చెబుతుంది. బుర్రకథలో కథకునికి ఇరువైపులా వంతలుంటారు; వారి ప్రశ్న, హాస్యం, వ్యాఖ్య లేకుంటే కథ సాగదు. మండలి ఈ పద్ధతిని విస్తరించింది. ముందున్న గాయకుడు చరణం అందుకుంటే వెనుకనున్నవారు పల్లవిని తిరిగి ఎత్తుకుంటారు, డప్పు నడకను నిర్ణయిస్తుంది. గాయకుడు ఊరికి తగినట్లు మాట మార్చగలిగేది పల్లవి చెదరకుండా నిలబెట్టేవారు ఉన్నందువల్లనే. గద్దర్ గొంతు, గోచి, గొంగడి, ఆట కలిగించిన ప్రభావం కాదనలేనిది. అయితే ఆ స్వేచ్ఛకు ఆధారం వంత.

1990 మే నెలలో వరంగల్లులో జరిగిన రైతుకూలీ సంఘం సభలకు లక్షలాది జనం తరలివచ్చారు. 2020లో వంగపండు, 2023లో గద్దర్ మరణించారు. ముందు నిలిచినవారి జీవితాలు కొంతవరకైనా గ్రంథస్థమయ్యాయి. వంత పాడినవారి, డప్పు కొట్టినవారి అనుభవం చాలావరకు జ్ఞాపకాల్లోనే ఉంది. కాజీపేట, హనుమకొండ, వరంగల్లు పరిసరాల్లో క్షేత్రపరిశోధన చేసేవారు ఆనాటి శ్రోతలను ‘గద్దర్ ఏం పాడాడు?’ అని అడగడంతోనే ఆగకూడదు. ‘వెనుక పల్లవి ఎవరెత్తుకున్నారు? ఆ బాణీ అంతకుముందు ఎక్కడ విన్నారు?’ అనీ అడగాలి. ఆ జవాబులు చేరినప్పుడే తొలి సంపుటి కర్తృత్వాన్ని సమగ్రంగా నిర్ణయించడం సాధ్యమవుతుంది.