కొలత వెనుక పనితనం

“నేను లెక్కల్లో గట్టి”, “చదవడమంటే నాకు విసుగు” అని పిల్లలు తమ చదువు గురించి మనసులో స్థిరపరచుకునే అభిప్రాయాన్ని విద్యా స్వీయభావన అంటారు. కంటికి కనబడని ఈ అభిప్రాయాన్ని కొలిచే సాధనం ఎలా తయారైందో చూస్తే ముచ్చటేస్తుంది.

ముందు నమూనా గీశారు. 1976లో షావెల్‌సన్, హబ్నర్, స్టాంటన్ స్వీయభావనను అంతస్తులుగా విడదీశారు. అన్నిటికన్నా పైన తన గురించి మొత్తం అభిప్రాయం, దాని కింద చదువు, స్నేహాలు, భావోద్వేగాలు, శరీరం. చదువు కింద ఒక్కో సబ్జెక్టు. ఆ నమూనా ఆధారంగా ఆస్ట్రేలియాలో హెర్బర్ట్ మార్ష్ 76 వాక్యాల ‘సెల్ఫ్ డిస్క్రిప్షన్ క్వశ్చనేర్’ తయారుచేశారు. లెక్కలు, చదవడం, మొత్తంగా బడి చదువు, దేని వాక్యాలు దానివే. ప్రతి వాక్యానికీ ‘అబద్ధం’ నుంచి ‘నిజం’ దాకా ఐదు మెట్లు.

ఇందులో నన్ను కట్టిపడేసింది ఒక చిన్న జాగ్రత్త. పిల్లలు ఆలోచించకుండా అన్నిటికీ ‘నిజం’ అని టిక్కు పెట్టేయకుండా, మధ్యమధ్యలో వ్యతిరేకార్థపు వాక్యాలు కలిపారు. అయితే “నాకు లెక్కలు రావు” వంటి వాక్యం ఎదురైతే, లెక్కలొచ్చిన పిల్ల ‘అబద్ధం’ అనాలి. ఈ రెండు కాదుల ముడి విప్పుకోవడం చిన్నపిల్లలకు కష్టం. చదవడంలో వెనకబడ్డవాళ్లు మరీ తడబడతారు. ఆ జవాబులనూ లెక్కలోకి తీసుకుంటే, లెక్కల మీద నమ్మకాన్ని కొలవబోయి వాక్యం అర్థం చేసుకునే శక్తిని కొలిచినట్టవుతుంది. అందుకే ఆ వాక్యాలు పత్రంలో ఉంటాయి, స్కోరులో మాత్రం కలపరు.

ఇంత శ్రద్ధగా కొలిచాక ఒక వింత బయటపడింది. లెక్కల్లో మంచి మార్కులొచ్చేవాళ్లకు సాధారణంగా భాషలోనూ బాగానే వస్తాయి. కానీ లెక్కల మీది నమ్మకానికీ భాష మీది నమ్మకానికీ దాదాపు సంబంధమే కనబడలేదు. 1986లో మార్ష్ దీనికి కారణం చెప్పారు. పిల్లలు తమను తోటివాళ్లతో పోల్చుకుంటారు, తమ ఒక సబ్జెక్టును ఇంకో సబ్జెక్టుతోనూ పోల్చుకుంటారు. లెక్కల్లో 85, ఇంగ్లీషులో 95 వచ్చిన అమ్మాయి క్లాసులో రెండింటా ముందున్నా “లెక్కలు నాకు అంతంతమాత్రమే” అనుకోవచ్చు. మొదటి పోలిక రెండు నమ్మకాలనూ పెంచుతుంది. రెండోది ఒకదాన్ని పెంచి మరోదాన్ని తగ్గిస్తుంది. చివరికి చెల్లుకు చెల్లు. అంతకు ముందు ఏడాదే మార్ష్, షావెల్‌సన్ కలిసి నమూనాలోని ‘చదువు’ను లెక్కల వైపు ఒకటి, భాష వైపు ఒకటిగా విడగొట్టారు. తాను గీసినదాన్ని తానే చెరిపి దిద్దిన షావెల్‌సన్ నిజాయితీ కూడా పనితనంలో భాగమే.

మరి మార్కులు నమ్మకాన్ని పెంచుతాయా, నమ్మకం మార్కులను పెంచుతుందా? ఒకే పిల్లల్లో రెండింటినీ పలుమార్లు కొలిచి, పాత మార్కుల ప్రభావాన్ని పక్కకు తీసి చూశారు. ప్రభావం రెండు వైపులా ఉంది. పై అంతస్తులోని మొత్తం ఆత్మగౌరవానికి మార్కులతో ఉన్న ముడి మాత్రం చాలా పలచన. లెక్కల మార్కులతో గట్టిగా పెనవేసుకున్నది లెక్కల మీది నమ్మకమే.