బాలబోధయందు హాస్యౌచిత్యము

శృంగారమున కనుకృతియే హాస్యమని భరతముని నిర్వచించెను. ఈ మాటను విదూషకునకును ప్రహసనమునకును ముడివెట్టి విడుచుట పరిపాటి. శిశుజననమును, యౌవనాగమమును పిల్లలకు నవ్వించుచు బోధించుట యుచితమా యను ప్రశ్నకును అది యుపకరించును.

1993వ సంవత్సరమున ఇంగ్లండులో బాబెట్ కోల్ అను రచయిత్రి, తానే బొమ్మలు వ్రాసి, 'మమ్మీ లెయిడ్ ఎన్ ఎగ్', అనఁగా 'అమ్మ గుడ్డు పెట్టినది' అను చిన్నపుస్తకమును ప్రకటించెను. కథ స్వల్పము. తలిదండ్రులు బిడ్డలను గూర్చుండఁబెట్టి శిశువు లెట్లు కలుగుదురో చెప్పఁబూనుదురు. రాక్షసబల్లులు తెచ్చి యిచ్చుననియు, కుండలో విత్తనము నాటిన మొలచుదురనియు, గొట్టమునుండి పిండిన వెడలుదురనియు, అమ్మ సోఫాపై గుడ్డు పెట్టఁగా నది పగిలి మీరు బయటఁ బడితిరనియు బొంకుదురు. పిల్లలు పకపక నవ్వి, విత్తనము, గొట్టము, గుడ్డు అను మూఁడు మాటలు మాత్రము సరియైనవని యొప్పుకొని, తాము బొమ్మలు గీచి పెద్దలకుఁ బాఠము చెప్పుదురు.

ఇందు హాస్యమున కాలంబనము దేహము కాదు, ప్రసవము కాదు, పెద్దల తడబాటు. తెలుఁగిండ్లలోను ఈ బొంకు కలదు. 'నే నెక్కడనుండి వచ్చితిని?' అని యడిగిన పాపకు 'నిన్నుఁ దవుడిచ్చి కొంటిమి' అను ప్రత్యుత్తర మెవ్వ రెఱుఁగరు? బొంకు సమానమే, నవ్వును సమానమే; కాని యిచట నవ్వువారు పెద్దలు, ఏడ్చునది పాప. అడుగుటయే నవ్వులపాలగుట యని యాపాప గ్రహించును, మరల నడుగదు. ఆ మౌనమున కీడు పిల్ల పెద్దమనిషి యయిన నాఁడు తేలును. పేరంటము జరుగును, చిమ్మిలి పంచఁబడును, వీధి యంతయు నెఱుఁగును. తన దేహమున నేమి జరిగినదో యాపిల్లకు మాత్రము చెప్పువారు అరుదు.

కోల్ పుస్తకమున నొక లోపము కలదు. స్త్రీపురుషులు కూడు విధమును జూపు పుటలో పిల్లల గీతలు మితిమీఱి, చక్రముల పలకపై విన్యాసములవంటి వానికి దిగినవి. అంతవఱకు పెద్దలమీఁద నున్న నవ్వు అచట విషయము మీఁదికే మఱలినది. తక్కిన పుటలలో స్పష్టముగా నున్న యర్థ మీ యొక్క చోట మసక వాఱినది.

యౌవనమును గూర్చి యామెయే వ్రాసిన 'హెయిర్ ఇన్ ఫన్నీ ప్లేసెస్' అను పుస్తకమున మెలకువ యెక్కువ. అట నొక యెలుగుబంటిబొమ్మ బాలికకుఁ గథ చెప్పును: దేహములో నిద్రించు హార్మోను దంపతులు కాలము రాఁగా మేల్కొని మందులు కలుపుదురఁట. రోమోద్గమాదులు వారి చేష్టలు. ఈ వయస్సున చదువరి దేహమే మాఱుచుండును గాన నవ్వు సులువుగా గాయ పఱచును. ఆ దంపతులు దానిని తమపై వేసికొందురు. కారణమును అల్లరిగాఁ జూపుట శాస్త్రమునకుఁ గొంత దూరమే యైనను, బాలికకు సిగ్గు తప్పినది.

మొదటి పుస్తకమును దెనిఁగింపఁబూనువాఁడు చిక్కులోఁ బడును. దేహావయవములకు మనకు సంస్కృతపదములు కలవు, అవి పిల్లలకుఁ దెలియవు. దేశ్యములు కలవు, అవి తిట్లుగా మాత్రమే వాడుకలో మిగిలినవి. ఈ భయమున పండితుఁడు శుక్రమనియు, అండమనియు వ్రాసెనా, పుస్తకము చచ్చును. తలిదండ్రులు బొంకుటకు వాడిన విత్తనము, గుడ్డు అను మాటలతోనే పిల్లలు నిజము చెప్పుట యందే హాస్య మున్నది.